ముప్పయ్యో రోజు విమానం

అన్యాయం జరిగింది ఎవరికి? ఎంగ్రాసియాకా, ఆమె చెల్లెలు రుఫీనాకా? ఇద్దరికీ. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే అమెరికా జెండాకు వందనం చేసిన ఆ ఇద్దరి మధ్య నలభై మైళ్ల సముద్రం ఉంది. రోటా దీవిలో కాపురమున్న రుఫీనాకు చూపు మందగించినందుకు ప్రభుత్వం నెలనెలా వికలాంగుల భృతి ఇస్తుంది. గువామ్ దీవిలోని అక్కకు కాలు తీసేసినా ఇవ్వదు. రెండు దీవులూ అమెరికావే అయినా, గువామ్ వాళ్లకు ఆ చట్టం వర్తించదు.

కాలు తీసేశారని కబురందగానే రుఫీనా గువామ్‌లో మెరీసో ఊళ్లోని అక్క ఇంటికి వచ్చింది. పెళ్లిపెటాకులు లేని ఎంగ్రాసియాకు మరో దిక్కు లేదు. రుఫీనా గాయానికి కట్లు మార్చింది, స్నానం చేయించింది, ఎర్రన్నం వండి పెట్టింది. ఇరవై ఆరో నాడు భృతి కార్యాలయం వారు ఫోను చేశారు. ముప్పై రోజులు వరుసగా గువామ్‌లో ఉంటే దేశం విడిచినట్టేననీ, భృతి ఆగిపోతుందనీ అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. గువామ్ అమెరికా కాదా అని రుఫీనా అడిగింది. అమెరికాయేనట, ఈ ఒక్క పనికి మాత్రం కాదట.

రుఫీనా బతుకంతా ఆ భృతి మీదే. పోనీ అక్కనే రోటాకు తీసుకుపోదామంటే, మూత్రపిండాలు చెడిన ఆమెకు వారానికి మూడుసార్లు రక్తం శుద్ధిచేసే యంత్రం అక్కడ లేదు. భృతి ఉన్నచోట వైద్యం లేదు, వైద్యం ఉన్నచోట భృతి లేదు.

ముప్పయ్యో నాటి పొద్దున విమానాశ్రయానికి తీసుకుపోవడానికి పొరుగింటి ఇగ్నాసియో బండి తెచ్చి నిలిపాడు.

"లేవవే. కళ్లు కనపడనిదానివి, నువ్వు నాకు చేసే సేవ ఎంతని?" అంది ఎంగ్రాసియా.

"నేను పోతే నిన్ను మంచం మీంచి దింపేదెవరు? మీ గవర్నరా?"

"భృతి పోతే ఏం తింటావే?"

"నువ్వు తినేదే. కాస్త తక్కువ తిను."

ఎంగ్రాసియా నవ్వలేదు. రుఫీనా గుమ్మం దాకా తడుముకుంటూ వెళ్లి, బండిని పంపేసింది.

ఆ దీవుల వాళ్లకు ఒక ధర్మం ఉంది. ఆపదలో అందుకున్న సాయాన్ని ఎన్నేళ్లకైనా తిరిగి చేయాలి. దాన్ని వాళ్ల భాషలో 'చెంచులే' అంటారు. చేసినవాళ్లు దాని ఊసెత్తకూడదు, పొందినవాళ్లే గుర్తుంచుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాను సైనికులు గువామ్ జనాన్నంతా మానెంగోన్ శిబిరానికి తోలినప్పుడు, తొమ్మిదేళ్ల ఎంగ్రాసియా జ్వరంతో ఉన్న మూడేళ్ల చెల్లెలిని బురదలో వీపున మోసుకుపోయింది. దారిలో వదిలేయమని పెద్దవాళ్లే చెప్పినా వినలేదు. డెబ్బై మూడేళ్లలో ఏనాడూ ఆ మాట పైకి అనలేదు.

మరుసటి నెల భృతి రాలేదు. ఆ సాయంత్రం రుఫీనా వేళ్లతో అంచు వెతుక్కుంటూ కట్టు కడుతుంటే, ఎంగ్రాసియా ఆమె చేయి పట్టుకుని ఆపింది.

"మానెంగోన్ దారిలో నిన్ను మోశాను కదా," అంది. "అది తీరిపోయిందే. పూర్తిగా."