అడుగున ఊరిపేరు

పొద్దున పదిన్నరకు సూర్యాపేట బస్సు మిర్యాలగూడ స్టాండులో ఆగింది. కండక్టర్ విజయ జనాన్నంతా దింపి, డ్రైవర్‌కు ఛాయ్ చెప్పి, స్టాండు వెనక గల్లీలోకి నడిచింది. స్టీఫెన్ ఇంటి ముందు ఆగి, భుజాన ఉన్న టికెట్ల సంచీలో చెయ్యి పెట్టి, బొటనవేలంత సైనికుడి బొమ్మను తీసి అరుగు మీద నిలబెట్టింది. ఇలా తెచ్చివ్వడం ఇది మూడోసారి.

"అన్నా, మీవోడు మళ్ళ ఎక్కిండు. సగం దూరం వచ్చేదాంక నేను సూడనే లేదు. డ్రైవర్ ముంగట అద్దం కాడ నిలవడి రోడ్డు సూస్తున్నడు."

"టికెట్..." అని నసిగాడు స్టీఫెన్.

"అయిదేండ్ల లోపోళ్ళకు టికెట్ ఎక్కడిదన్నా? ఈనికి నెల గూడ నిండలే."

స్టీఫెన్ భార్య శ్రీలత లోపలినుంచి మంచినీళ్ళు తెచ్చి విజయకిచ్చింది. అరుగు మీద సైనికుణ్ణి చూసి, "వచ్చిండా? నిన్ననే రావాలె గదా," అని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. వాడు రావడం ఆ ఇంట్లో ఎవరికీ వింత కాదు. ఎందుకొస్తున్నాడన్నదే స్టీఫెన్‌కు ఎంత తల గోక్కున్నా అందడం లేదు. మిగతా ముప్పైతొమ్మిది మంది సూర్యాపేటలో బుద్ధిగా యుద్ధం చేసుకుంటున్నారు. వీడికే ఏం తక్కువైంది?

స్టీఫెన్ ఇరవై రెండేళ్ళు లారీలకు రంగులేసిన మనిషి. మిర్యాలగూడ బియ్యం మోసుకుని దేశం మీద పడే లారీల్లో సగానికి తామరపూలూ నెమళ్ళూ వేసింది అతనే. వెనక తలుపు మీద నాలుక చాచిన దిష్టి మొహమూ, దాని కింద పెద్దక్షరాల్లో ఊరిపేరూ అతని చేతివే. తర్వాత స్టిక్కర్లొచ్చాయి. పది నిమిషాల్లో నెమలిని అంటించి పంపేస్తుంటే, రెండు రోజులు నిలబడి ఈకలు దిద్దే మనిషితో లారీ షెడ్డువాళ్ళకేం పని? ఏడాదిపాటు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాక, సూర్యాపేట నుంచి అక్షిత అనే పళ్ళ డాక్టరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ట్రాఫిక్‌లో ఒక లారీ వెనక ఇరుక్కుపోయి, దాని తలుపు మూలన గోరంత చిలుకను చూసిందట. పక్కనే ఉన్న పెయింటరు పేరు రాసుకుని వచ్చిందట.

అక్షిత దవాఖాన మీది అంతస్తులో పెద్ద మంచమంత బల్ల ఉంది. ఆదివారమైతే ఆమె స్నేహితులు నలుగురైదుగురు చేరి, బల్లమీద బొటనవేలంత సైన్యాలను నిలబెట్టి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి యుద్ధాలు చేస్తారు. సైనికులకు రంగులు వేయడం, బల్లమీద కొండలూ వాగులూ కట్టడం స్టీఫెన్ పని. ఎవరు ఎవరితో ఎందుకు కొట్లాడుతున్నారో అతనికి ఇప్పటికీ అర్థం కాలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"వీళ్ళల్ల మనోళ్ళెవరు డాక్టరమ్మా?"

"అది ఆ ఆదివారాన్ని బట్టి ఉంటదన్నా," అంది ఆమె. స్టీఫెన్ మళ్ళీ అడగలేదు.

ఈసారి ఆమె అడిగింది మంచు యుద్ధం. పొడుగు కోట్ల సైనికులు నలభై మంది, మంచు కప్పిన ఊరు ఒకటి. స్టీఫెన్ మంచు చూసింది ఐసుక్రీం డబ్బాలోనే. థర్మాకోల్‌తో కొండలు చెక్కాడు, ఊక అంటించి నేల చేశాడు, మిల్లు నుంచి తెచ్చిన నూకల పిండిని ఫెవికాల్‌లో కలిపి పైన మంచు పూశాడు. చూడముచ్చటగా కుదిరింది. మూడోరోజుకు చీమలు బారులు కట్టి వచ్చి కొండమీది మంచంతా తినిపోయాయి. మిర్యాలగూడలో పుట్టినోనికి తెల్లగున్నదల్లా బియ్యప్పిండే అని శ్రీలత కడుపుబ్బ నవ్వింది. అతను మళ్ళీ చలువరాతి పొడి తెచ్చి కొత్త మంచు పోశాడు.

మొహాల దగ్గరా అదే వరస. డాక్టరమ్మ ఇచ్చిన ఫోటోల్లో మొహాలన్నీ అతనికి ఒక్కలాగే కనబడ్డాయి. అందుకని తెలిసిన మొహాలే వేసుకుంటూ పోయాడు. మిల్లు హమాలీ ఐలన్న ఫిరంగి దగ్గర నిలబడ్డాడు. గొర్రెల బీరప్ప జెండా పట్టుకున్నాడు. నలభయ్యోవాడికి తమ్ముడు ఉపేందర్ మొహం వచ్చింది. తిరిగొస్తున్నది వాడే.

మొహం నచ్చలేదేమో అని మొదటిసారి మీసం దిద్ది పంపాడు. మీసంతో తిరిగొచ్చాడు. రెండోసారి బూట్లకు రంగు మార్చాడు. కొత్త బూట్లతో మళ్ళీ వచ్చాడు.

అసలు ఆ ఇంట్లో ఎటూ పాలుపోని సంగతి ఉపేందర్‌దే. ఇరవై నాలుగేళ్ళవాడు, డిగ్రీ చేసి మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర కూర్చుంటాడు. ఏజెంటు ఒకడు ఆరుగురు కుర్రాళ్ళను మంచు పడే దేశానికి పంపుతానన్నాడు. గోదాములో హెల్పర్ పనట, ఏడాది నిండితే అక్కడే ఉండిపోవచ్చట. కాగితాలు కూడా వచ్చాయి. వాటిమీద ఇంగ్లీషు అక్షరాలే కొన్ని తిరగేసినట్టు, కొన్ని తలకిందులైనట్టు ఉన్నాయి. అక్షరాలు రాసే బతికిన స్టీఫెన్ ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు.

"ఏం రాసుందిరా ఇందుల?"

"హెల్పర్ అని రాసుందంట."

"ఎవలకు హెల్పర్? ఏం మోయాలె?"

"నాకేం తెల్సన్నా? పోయినంక చెప్తరు. అందరు సంతకం పెట్టిండ్రు, నేను గూడ పెట్టిన." ఉపేందర్ ఇంట్లో బల్లమీద ఆరుతున్న మంచు ఊరిని చూసి నవ్వాడు. "నేను పొయ్యేకాడ గూడ అచ్చం గిట్లనే ఉంటదంట."

వద్దందామంటే స్టీఫెన్‌కు నోరు రాలేదు. చేతిలో విద్య ఉన్నా పని పోగొట్టుకుని ఏడాది ఊరికే కూర్చున్నవాడు, తమ్ముడికి ఏ దారి చూపించి వద్దంటాడు? పొమ్మందామంటే చదవరాని ఆ అక్షరాలు అడ్డొచ్చేవి. ఆ కాగితం చూసిన పూట అతని చేతిలో ఉన్నది నలభయ్యో సైనికుడే. వాడికి కళ్ళు ఎప్పుడు పెట్టాడో, వార్నిష్ ఎప్పుడు కొట్టాడో అతనికి గుర్తులేదు. మనసు మనసులో లేదు.

మూడోసారి వచ్చిన ఆ రోజు స్టీఫెన్ సైనికుణ్ణి జేబులో వేసుకుని విజయ బస్సులోనే సూర్యాపేట వెళ్ళాడు. అది బుధవారం. ఉపేందర్ రైలు శుక్రవారం.

అక్షిత ఒక పేషెంటుకు పన్ను పీకి పంపి, చేతులు కడుక్కుని, సైనికుణ్ణి దీపం కింద పెట్టుకుంది. పళ్ళు చూడటానికి కళ్ళకు తగిలించుకునే భూతద్దం దించి, వాణ్ణి ముందుకీ వెనక్కీ తిప్పింది. తర్వాత తలకిందులు చేసింది.

"అన్నా, అడుగున ఏదో రాసిన్రు గదా."

"నేనేం రాయలే డాక్టరమ్మా."

"మరి ఇదేంది? మీరే చూడండి."

స్టీఫెన్ భూతద్దం తీసుకుని చూశాడు. సైనికుడు నిలబడే రూపాయంత నల్లబిళ్ళ అడుగున, చీమతలకాయంత తెల్లక్షరాలు. పసుపు అంచు, ఎర్ర నీడ. మిర్యాలగూడ.

చేతిరాత తనదే. గుడీ కొమ్మూ తిప్పే తీరు తనదే. రాసినట్టు మాత్రం తెలియదు. షెడ్డులో దిష్టి మొహానికి కళ్ళు పెట్టాక చేసే ఆఖరి పని అది. ఊరిపేరు రాయందే ఏ డ్రైవరూ బండి కదిలించేవాడు కాదు, మళ్ళ ఎటు రావాలె అనేవాడు. ఇరవై రెండేళ్ళు కళ్ళ తర్వాత ఊరిపేరు రాసిన చెయ్యి, మనిషి పరధ్యానంలో ఉన్నప్పుడు తన పని తాను చేసుకుపోయింది. మిగతా ముప్పైతొమ్మిది మందినీ తిప్పి చూశారు. ఎవరి అడుగునా ఏమీ లేదు.

అక్షిత దూది స్పిరిట్‌లో ముంచి ఇచ్చింది. "తుడిచేయండన్నా, ఇక్కడనే ఉంటడు. ఆదివారం ఆటకు ఒకడు తక్కువైతున్నడు."

స్టీఫెన్ దూది పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. స్పిరిట్ ఆరిపోయింది.

"ఇంకొకణ్ణి చేసిస్త డాక్టరమ్మా. వీణ్ణి తీస్కపోత."

"మీరు తీస్కపోకున్నా వస్తడు గదా," అని ఆమె తర్వాతి పేషెంటును పిలిచింది.

శుక్రవారం పొద్దున ఉపేందర్ స్నానానికి వెళ్ళాడు. మంచు దేశం కోసం కొన్న మందపాటి బూట్లు అరుగు మీద ఉన్నాయి. స్టీఫెన్ తెల్ల ఎనామిల్ డబ్బా మూత తీశాడు. బూటు తిరగేసి చూస్తే, మడమకూ ముందరి భాగానికీ మధ్య నేల తగలని వంపు ఉంది. అక్కడ రాస్తే అరగదు. కుంచె పట్టుకున్నాక భయమేసింది. ఇది తమ్ముణ్ణి కాపాడటమా, వాడి కాళ్ళు కట్టేయడమా? వాడు నిజంగానే గోదాములో మూటలు లెక్కపెట్టుకుంటూ బాగుపడేవాడేమో. ఏది మంచో ఏది చెడో స్టీఫెన్‌కు తెలియలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు. కుడి బూటుకు రాసి, ఎడమ బూటుకు రాసి, రెండూ ఎండలో పెట్టాడు.

ఉపేందర్ వదిన కట్టిచ్చిన సద్దితో రైలెక్కాడు. మధ్యాహ్నం అన్నాల వేళకు గుమ్మంలో నిలబడ్డాడు.

"నల్గొండల ఛాయ్ తాగుదామని దిగిన వదినా. మళ్ళ అదే డబ్బా ఎక్కిన. దిగి చూస్తే మన టేషనే."

"కాళ్ళు కడుక్కో, అన్నం పెడత," అంది శ్రీలత.

మర్నాడు ఏజెంటు కారు పంపాడు. పెట్రోలు బంకు దగ్గర కాళ్ళు చాపుకుందామని దిగినవాడు సాయంత్రం విజయ బస్సులో తేలాడు. విమానం ఐదుగురితో వెళ్ళిపోయింది. ఏజెంటు ఫోన్‌లో నానా మాటలు అని పెట్టేశాడు. ఉపేందర్ అరుగు మీద కూర్చుని, బూట్లు విప్పి మట్టి దులుపుతుంటే అక్షరాలు కనిపించాయి.

"రాసింది నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు రాసినవ్?"

"తెల్వదు తమ్మీ," అన్నాడు స్టీఫెన్.

ఉపేందర్ బూట్లు మూలకు విసిరేశాడు. ఆ రోజు నుంచి అన్నతో మాట మానేశాడు. కాటాకు వెళ్ళేవాడు, వచ్చేవాడు, వదిన పెట్టింది తినేవాడు. స్టీఫెన్ ఎదురైతే పక్కకు తిరిగేవాడు. ఒక్క మాట అంటే బాగుండు, తిట్టినా బాగుండు అని స్టీఫెన్ లోలోపల కుమిలిపోయాడు. తిరిగొచ్చిన సైనికుడు మాత్రం కిటికీలో నిలబడి, ఇంక ఎటూ వెళ్ళే పని లేనట్టు వీధి చూస్తూ ఉండేవాడు.

నలభై రోజులకు ఆ చేతా ఈ చేతా మారి శ్రీలత ఫోన్‌లోకి ఒక ఫోటో వచ్చింది. విమానమెక్కిన ఐదుగురిలో ఒకడు, కోదాడ పిల్లగాడు వంశీ. మోకాళ్ళదాకా మంచు. ఒంటిమీద పొడుగు కోటు. చేతిలో తుపాకీ. ఉపేందర్ ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి ప్రతి మూలా వెతికాడు. గోదాము ఎక్కడా కనబడలేదు. ఫోన్ వదినకిచ్చి, వెళ్ళి మూలనున్న బూట్లు తెచ్చుకుని, తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ వారంలోనే విజయ ఒకామెను వెంటబెట్టుకుని వచ్చింది. వంశీ తల్లి అరుంధతి. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"వారం నుంచి మావాడి ఫోన్ లేదయ్యా. మీరు రాసి పంపినవాళ్ళు తిరిగొస్తారంట గదా, కండక్టరమ్మ చెప్పింది."

"వంశీ బూట్లు నా చేతిల లేవు గదమ్మా. నేను చేస్తే బొమ్మనే చెయ్యాలె. బొమ్మ వస్తది. మనిషి సంగతి నాకు తెల్వదు."

"బొమ్మనే చేయండి ముందు," అందామె. ఫోటో చూపించి, మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ కోటు మాత్రం వద్దయ్యా. వాడికి నీలం గళ్ళ చొక్కా ఉంది. అది వేయండి."

ఇంట్లో రంగు వేయకుండా మిగిలిపోయిన సైనికుల్లోంచి స్టీఫెన్ ఒకణ్ణి తీసుకున్నాడు. బ్లేడుతో తుపాకీ కోసేశాడు. కోటు అంచులు గీకి చొక్కా చేశాడు. ఖాళీ అయిన చేతిలో ఏం పెట్టాలో తోచక చిన్న సంచీ పెట్టాడు. మినపగింజంత ఛాతీ మీద నీలం గళ్ళు గీస్తుంటే అరుంధతి ఊపిరి బిగబట్టి చూసింది. ఆఖర్న కళ్ళు పెట్టాడు.

"వాడే," అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రేపు వీణ్ణి డాక్టరమ్మ మంచు బల్ల మీద నిలబెడత," అన్నాడు స్టీఫెన్. "ఆడికెల్లి బయలెల్లుతడు."

"నేను కోదాడ డ్యూటీ వేయించుకుంట," అంది విజయ. "ముంగటి సీటు ఖాళీ పెడత."

స్టీఫెన్ బొమ్మను తిరగేసి, సన్నకుంచె తెల్లరంగులో ముంచాడు. ఇన్నాళ్ళూ చెయ్యి తనంతట తానే రాసింది, ఇప్పుడు తను కావాలని రాస్తే పని చేస్తుందో లేదో. నల్లబిళ్ళ మధ్యన చీమతలకాయంత 'కో' పడింది.

వెనకనుంచి నీడ పడింది. ఉపేందర్ వచ్చి, అన్న భుజం మీదుగా వంగి, ఆ అక్షరాన్ని కాసేపు చూశాడు.

"గంత సన్నగ గాదన్నా," అన్నాడు. "తుడిచి జర పెద్దగ రాయి. ఆడు శాన దూరం నుంచి రావాలె."