గాయం కనబడలేదు

నలభయ్యో దుప్పటి మడిచి పక్కన పెట్టి, డ్రైవరు, వార్డులో ఉండే గన్నరు యూనిఫాంని బల్ల మీదికి లాక్కున్నాడు. అతను బండి తోలడం మానేసి పదకొండేళ్లయింది. మాజీ సైనికుల ఆసుపత్రిలో ఇస్త్రీ పని చేస్తున్నా, అందరికీ ఇంకా డ్రైవరే. చొక్కా మీద నీళ్లు చిలకరించాడు.

"పదకొండున్నరకి మంత్రిగారు వస్తున్నారు. జాగ్రత్త," అని నర్సు రెండుసార్లు చెప్పి వెళ్లింది. సైనికుల మానసిక వైద్యానికి చట్టం తెచ్చింది ఆ మంత్రే. అందుకోసం ఈ ఆసుపత్రిలో పెట్టిన కొత్త విభాగానికి ఇవాళ ప్రారంభోత్సవం. ఆయన పక్కన ఫోటో దిగేది గన్నరు.

సైన్యంలో డ్రైవరూ, తుపాకీ పేల్చే గన్నరూ ఒకే లారీలో ఉన్నారు. మందుపాతర పేలి గన్నరుకి ఎడమకాలు పోయింది. స్టీరింగు పట్టుకున్న డ్రైవరుకి గీత కూడా పడలేదు. కానీ మళ్లీ బండెక్కలేకపోయాడు. తలుపు ధడేలుమంటే ఇప్పటికీ బల్ల కిందికి దూరతాడు. నాలుగేళ్లు ఓర్చుకుని భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. పింఛనుకి రెండుసార్లు అర్జీ పెడితే రెండుసార్లూ ఒకే మాట రాసి తిప్పి పంపారు: గాయం కనబడలేదు.

గన్నరుకి మాత్రం పతకం, పింఛను, వార్డులో కిటికీ పక్క మంచం. చూసినప్పుడల్లా డ్రైవరుకి కడుపు రగిలిపోయేది. ఆ కాలు నాదే పోయినా బాగుండేది అనుకున్న రోజులున్నాయి. అలా అనుకున్నందుకు చెంపలేసుకున్న రోజులూ ఉన్నాయి. ఇవాళ చెంపలేసుకోలేదు. ఇస్త్రీపెట్టె కాలరు లోపలివైపు ఆనించి, కావాలనే కాస్త ఎక్కువసేపు ఉంచాడు. అక్కడ బట్ట మాడి గరుకెక్కింది. పైకేమీ తెలియదు.

సభలో వెనక గోడకానుకుని నిలబడ్డాడు. మంత్రి బాగానే మాట్లాడాడు. "ఒంటికి తగిలిన దెబ్బ అందరికీ కనబడుతుంది. మనసుకి తగిలింది కనబడదు. ఇకమీదట ఆ బాధ్యత మాది," అంటూ గన్నరు భుజం మీద చెయ్యేశాడు. కెమెరాలు మెరిశాయి. చివరికి నా జబ్బు కూడా వాడికే రాసిచ్చేశారా, అనుకున్నాడు డ్రైవరు.

మూడింటికి గన్నరే యూనిఫాం భుజాన వేసుకుని, చంకకర్రల మీద ఇస్త్రీ గదికి వచ్చాడు. స్టూలు మీద కూలబడి రొప్పు తీర్చుకున్నాడు.

"ఒరేయ్ డ్రైవరూ, ఆ కొత్త విభాగంలో సోమవారం నుంచి చూస్తారట. నువ్వూ రారా. ఒక్కణ్ణే వెళ్లాలంటే సిగ్గుగా ఉంది."

"నీకెందుకన్నా అది? మంత్రే భుజమ్మీద చెయ్యేశాడుగా."

"వేశాడు. ఆ కెమెరాలు మెరుస్తుంటే నాకు మళ్లీ లారీలో ఉన్నట్టే అయింది. చొక్కా తడిసిపోయింది. ఆయన చెయ్యి తీసి రుమాలుతో తుడుచుకున్నాడు. చూడలేదా?"

చూడలేదు. చెయ్యెయ్యడం వరకే డ్రైవరు చూశాడు.

"సోమవారం నాకు పనుంది," అన్నాడు తలెత్తకుండా.

"సరేలే, ఇంకో వారం చూద్దాం." గన్నరు యూనిఫాం బల్ల మీద పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి మెడ రుద్దుకున్నాడు. "ఆ కాలరేదో గుచ్చుకుందిరా. కాస్త చూడు," అన్నాడు, మామూలుగానే.

ఐదున్నరకి వార్డు నుంచి ఫోను. గన్నరు టీ తాగి పడుకున్నాడట. లేపితే లేవలేదట. గుండె ఆగిపోయిందన్నారు. మంచం మీది బట్టలు తీసుకెళ్లమంది నర్సు.

డ్రైవరు వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. నిద్ర కూడా ముందు వాడికే దొరికింది, అనిపించింది. దుప్పటి లాగాడు. చెమటతో తడిగా ఉంది.

"రోజూ ఇంతే," అంది నర్సు. "రాత్రి డ్యూటీ పడితే రెండేసిసార్లు మార్చేదాన్ని. ఇస్త్రీ గదిలో నువ్వుంటావుగా, నీకు చెప్పొద్దనేవాడు."

పదకొండేళ్లుగా ఆ దుప్పట్లన్నీ ఇస్త్రీ చేసింది అతనే. కిందపడ్డ దిండు గలేబు కోసం వంగాడు.

మంచం కింద రెండు బూట్లు పక్కపక్కనే ఉన్నాయి. కుడిదానికి మడమ అరిగిపోయింది. ఎడమదాని అడుగున దుమ్ము కూడా లేదు. దానికీ పొద్దున్నే పాలిష్ పట్టించి, లేసు బిగించి ముడివేసి ఉంది.