ఉడుత వెనకడుగు

మా ఆడపడుచు మనుషుల్ని కొడుతుంది. నేను మనుషులకు కట్లు కడతాను. రెండు వ్యాపారాలూ ఒకే ఇంట్లో ఉంటే గిరాకీకి లోటుండదని మా ఆయన జోకు. పెళ్లయిన కొత్తలో పుట్టిన జోకు అది. ఇప్పటికీ ఇంటికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా అదే వినిపిస్తాడు, అందరికంటే ముందు తనే నవ్వుతాడు.

నేను ఒక చిన్న ఆసుపత్రిలో డ్రెస్సింగు గది నర్సుని. కోసుకున్నవాళ్లు, కాల్చుకున్నవాళ్లు, మేకు తొక్కి రోజుల తరబడి ఎవరికీ చెప్పకుండా తిరిగినవాళ్లు, అందరూ నా బల్ల దగ్గరికే వస్తారు. డాక్టరుగారికి చేతులు ఖాళీ లేకపోతే కుట్లు కూడా నేనే వేస్తాను.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా ఇంట్లో ఆ సామెత చెల్లలేదు. నేను కాపురానికి వచ్చేసరికి ఆ పిల్లకు తల్లి లేదు, జడ వేసుకోవడం రాదు, ఒక్కచోట కూర్చోవడం అసలే రాదు. కిటికీ ఎక్కేది, అలమార ఎక్కేది. ఉడుత అని పేరు పెట్టింది నేనే. అర్ధమొగుడి సంగతి దేవుడెరుగు, నాకది సగం కూతురు. బాక్సింగ్ మాస్టారి దగ్గరికి మొదట తీసుకెళ్లిందీ నేనే. అక్కడైనా కాస్త అలిసిపోయి వచ్చి పెందలాడే పడుకుంటుందని నా ఆశ.

అలవలేదు సరికదా, పతకాలు తేవడం మొదలుపెట్టింది. అవి చూసి ఒక పెద్ద ఆఫీసువాళ్లు తమ జట్టుకు ఆడమని పిలిచి ఉద్యోగం ఇచ్చారు. మా ఆయన ఆ రోజు వీధిలో కాస్త వంగిన నడుం నిటారుగా చేసుకుని నడిచాడు.

దాని ఆటలు నేను ఒక్కటీ వదలకుండా చూశాను. చూడగలిగానంటే దానికో కారణం ఉంది. డబ్బు కోసం కాక పతకాల కోసం ఆడే ఆ అమెచ్యూర్ ఆటలో తలకు మెత్తటి తొడుగు ఉంటుంది. మూడే రౌండ్లు. శుభ్రంగా తగిలిన దెబ్బలకే విలువ. ఎవరైనా గట్టి దెబ్బ తిని తూలితే, కింద పడకపోయినా సరే, రెఫరీ మధ్యకు వచ్చి ఎనిమిది దాకా లెక్కపెడతాడు. కొట్టిన మనిషి అంతసేపూ దూరంగా నిలబడాలి. మాస్టారు ఈ మర్యాద ఎంత బాగా నేర్పారంటే, రెఫరీ చెయ్యి ఎత్తకముందే మా ఉడుత వెనకడుగు వేసేది. అవతలి పిల్ల కళ్లు తేలేస్తే చాలు, ఒక్క అడుగు వెనక్కి. అది కొట్టిన దెబ్బల కంటే నాకు ఆ అడుగే నచ్చేది. ఎంతైనా మా పిల్ల గుణం మంచిది అనుకునేదాన్ని.

అలాంటిది ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "ప్రొఫెషనల్ అవుతున్నా. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశా," అంది.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇరుక్కుపోయినవాటిని కదిలించడం ఆయన వృత్తి. ఆ మాటతో తనే ఇరుక్కుపోయాడు.

"అడుగుతున్నావా, చెబుతున్నావా?"

"అడిగితే వద్దంటావని ఇచ్చేసి చెబుతున్నా అన్నయ్యా."

"మళ్లీ ఆ జట్టులో చేర్చుకుంటారా?"

"చేర్చుకోరు."

"మరి ఇక్కడ?"

"మొదటి పోటీ గెలిస్తే ఆ పోటీలు పెట్టే కంపెనీవాళ్లు ఒప్పందం రాస్తామన్నారు. ఓడితే ఇంకెవరినో చూసుకుంటారు."

"రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు, అంతే," అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. చెప్పాల్సినవన్నీ దాని ఎదురుగానే నాతో చెప్పేవాడు. "ఆ టవల్ ఆరేసుకోమను." అదీ తక్కువ తిన్నదా? "ఆరేశానని చెప్పు వదినా," అనేది. ఇద్దరి మధ్యా నా తల వాచిపోయింది.

డాబా మీద బట్టలు తీస్తూ ఒకసారి అడిగేశాను.

"ఏమే, హాయిగా ఉన్నదానివి. ఎందుకీ కొరివితో తల గోక్కోవడం?"

అది ఒక దుప్పటి చివర పట్టుకుని మడత పెడుతూ, "ఇన్నేళ్లూ తాకి తప్పుకున్నా వదినా. తెలివైన ఆట అంటారు అందరూ. నా బలం ఎంతో నాకే తెలీదు. తెలుసుకోకుండానే ముసలిదాన్నైపోతానేమో అని భయం," అంది.

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత ముచ్చటేసింది. ఆ వయసులో నాకు అలాంటి భయం ఒకటి ఉండొచ్చని కూడా తెలీదు.

పోటీ ఖాయమయ్యాక మాస్టారు ఇంటికి వచ్చారు. పెద్దమనిషి, మోకాళ్లు అరిగిపోయి మెట్టు మెట్టుకూ ఆగుతారు. కూర్చుని, మంచినీళ్లు తాగి, అసలు విషయం తీశారు.

"చెల్లెమ్మా, ఇక్కడ ఆరు రౌండ్లు, తలకు తొడుగు ఉండదు. గ్లవుజులు కూడా పల్చన. ఏ కనుబొమ్మో చిట్లిందనుకో, ఆట ఆపరు. రౌండుకీ రౌండుకీ మధ్య ఒక్క నిమిషం ఇస్తారు. ఆ నిమిషంలో నెత్తురు ఆపి మళ్లీ పంపాలి. దానికో మనిషి కావాలి."

"నేనా? దెబ్బ తగిలినవాళ్లను ఇంటికి పంపడం నా పని మాస్టారూ. మళ్లీ దెబ్బలకు పంపడం కాదు."

"డబ్బిస్తే వచ్చేవాళ్లున్నారు. వాళ్లకి అది ఎవరో. నీకు మన పిల్ల."

ఆయన అంత మాటన్నాక నేనేం చేయను? ఒక షరతు పెట్టాను. గాయం సంగతిలో నా మాటే చెల్లాలి. నేను వద్దంటే ఆట ఆపించాలి. మాస్టారు సరేనన్నారు. ఉడుత పక్కగది తలుపు సందులోంచి వింటూ, "రోట్లో తలపెట్టాక రోకటిపోటుకు వెరవకూడదు వదినా," అంది. "తల నీది, రోలు నీది, నెత్తురు తుడిచేది మాత్రం నేనా?" అని కసిరాను.

ఇక సాధన మొదలైంది. దాని బలం సంగతేమోగానీ, అడ్డొచ్చింది ఆ వెనకడుగే. కొత్త ఆటలో నిలబడ్డ మనిషికి లెక్క ఉండదు. కింద పడితేనే లెక్క. తూలిన మనిషిని వదిలేస్తే కోలుకుని మళ్లీ మీదికొస్తుంది. ఉడుతకు ఇదంతా తెలుసు, అడిగితే అప్పజెబుతుంది. సాధనలో మాత్రం అవతలివాళ్లు ఒక్కసారి తూలితే దాని కాలు దానంతటదే వెనక్కి పోతుంది. మాస్టారు దాని వెనక నేల తుడిచే కర్ర అడ్డం పెట్టారు, కర్ర తన్నుకుని పడింది గానీ మానలేదు. గోడకు ఆనించి నిలబెట్టారు. తిట్టారు. చివరికి బతిమాలారు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నేను నేర్పిన బుద్ధి కూడా అంతేలా ఉంది," అన్నారు నాతో, నవ్వలేక నవ్వుతూ.

నేను పైకి అయ్యో అన్నాను. లోపల సంతోషించాను. ఎవరికీ చెప్పలేదు.

పోటీ రోజు మా ఆయన రానన్నాడు. "అద్దాలు మర్చిపోయిందని చెప్పు దానికి," అని దాని పంటికి పెట్టుకునే రబ్బరు తొడుగు డబ్బా మాత్రం తెచ్చి నా సంచిలో పడేశాడు. అద్దాలకూ పంటి తొడుగుకూ తేడా తెలియనంత కంగారులో ఉన్నాడు పాపం.

అవతలి అమ్మాయి ఎర్ర నిక్కరు వేసుకుంది. ఇలాంటి పోటీలు చాలానే ఆడిందట, ముఖంలో తొందర లేదు. మొదటి రౌండు మా ఉడుత తన పాత పద్ధతిలో తాకుతూ తప్పుకుంటూ గడిపింది. రెండో రౌండులో దాని కుడిచెయ్యి ఎర్ర నిక్కరు అమ్మాయి దవడకు సరిగ్గా తగిలింది. ఆ అమ్మాయి మోకాళ్లు వంగాయి, చేతులు కిందికి జారాయి. గెలుపు అక్కడే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

ఉడుత ఒక్క అడుగు వెనక్కి వేసి, రెఫరీ వంక చూసింది.

రెఫరీ లెక్కపెట్టలేదు. కానివ్వండి అన్నట్టు చేతులూపాడు. మాస్టారు తల పట్టుకున్నారు. ఈలోగా ఎర్ర నిక్కరు అమ్మాయి ఊపిరి కూడదీసుకుంది, తల విదిలించుకుంది, ముందుకొచ్చి ఒకటి ఇచ్చింది. ఉడుత ఎడమ కనుబొమ్మ చిట్లింది.

గంట కొట్టగానే రింగు తాళ్లలోంచి దూరి లోపలికి వెళ్లాను. నా చేతులు వాటంతట అవే సెలైన్ సీసా మూత తీసి, దూది తడిపి, గాయం చుట్టూ శుభ్రం చేయడం మొదలుపెట్టాయి. నా బల్ల దగ్గర మొదట చేసేది అదే.

"కడగడం కాదు చెల్లెమ్మా, నొక్కు!" అని అరిచారు మాస్టారు.

సగం నిమిషం కడగడానికే పోయింది. మిగిలిన సగంలో మందు దూది పెట్టి, బొటనవేలితో ఎముక మీదికి అదిమాను. రెప్ప తెగలేదు, చూపుకు ప్రమాదం లేదు.

"ఎలా ఉంది వదినా?"

"నోర్మూసుకుని కూర్చో."

నెత్తురు ఆగింది. వాజిలిన్ దట్టంగా మెత్తి వదిలాను.

మూడో రౌండు, నాలుగో రౌండు అవతలి అమ్మాయివే. ఆమె గురి అంతా ఆ కనుబొమ్మ మీదే. నాలుగో రౌండు చివర గాయం మళ్లీ తెరుచుకుంది, ఈసారి లోతుగా. పోటీ డాక్టరు వచ్చి చూసి, నన్ను అడిగాడు.

"ఆగుతుందా?"

"ఇంకొక్క రౌండుకి ఆపగలను. మళ్లీ తెరుచుకుంటే మాత్రం నేనే ఆపేయమంటాను."

ఉడుత నా వంక చూసింది. బతిమాలలేదు. మాస్టారు దాని చెవి దగ్గర, "విన్నావుగా. మనం వెనకబడి ఉన్నాం. ఉన్నది ఈ ఒక్క రౌండే," అన్నారు.

ఉద్యోగం లేదు, జట్టు లేదు, ఉన్నది ఆ రౌండు. నా వేళ్ల కింద దాని నెత్తురు వెచ్చగా కొట్టుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే చూపు మసకబారుతుందని ఏడవలేదు.

ఐదో రౌండులో అది తప్పుకోవడం మానేసింది. ఎదురుగా నిలబడి ఒకటి తిని రెండు ఇచ్చింది. ఎడమచేత్తో పక్కటెముకల మీద, కుడిచేత్తో మళ్లీ అదే దవడ మీద. ఎర్ర నిక్కరు అమ్మాయి ఉన్నచోటే ఊగింది. ఆ అమ్మాయి ముఖం నా వైపే ఉంది. ఆ కళ్లు నాకు బాగా తెలుసు. సూది చూసి, నెత్తురు చూసి, నా బల్ల పక్కన సొమ్మసిల్లిపోయేవాళ్ల కళ్లు అవే. అలాంటప్పుడు నేను చెయ్యి చాచి భుజం పట్టుకుంటాను. ఇన్నేళ్లలో ఒక్కరిని కింద పడనివ్వలేదు.

ఉడుత వెనకకాలి మడమ లేచింది.

"ముందుకే! ముందుకెళ్లు! కొట్టు!"

ఉడుత ముందుకే వెళ్లింది. ఇంకో రెండు కొట్టింది. ఎర్ర నిక్కరు అమ్మాయి పక్కకు ఒరిగి పడిపోయింది. ఇప్పుడు రెఫరీ లెక్కపెట్టాడు, పది దాకా.

జనం అరుస్తున్నారు. మాస్టారు నన్ను పట్టుకుని ఊపేస్తున్నారు. రెఫరీ మా పిల్ల చెయ్యి పైకెత్తాడు. నేను మాత్రం అవతలి మూలకు నడిచాను. ఆ అమ్మాయిని అప్పటికే స్టూలు మీద కూర్చోబెట్టారు. డాక్టరు కళ్లలోకి టార్చి వేసి చూసి, పర్వాలేదన్నాడు. నేను ఐసు సంచి అందుకుని ఆమె దవడకు ఆనించాను. ఆమె నన్ను గుర్తుపట్టింది.

"మీ అమ్మాయి మొదటిసారి ఎందుకాగింది?" అని అడిగింది, నోరు సరిగ్గా తిరక్కుండానే.

"పాత ఆట అలవాటమ్మా."

"నాకూ ఉండేది. నాదీ మొదటి పోటీలోనే పోయింది," అంది. అందులో నిష్ఠూరం లేదు. ఐసు సంచి తనే పట్టుకుని, నన్ను ఇక వెళ్లమన్నట్టు తలూపింది.

బట్టలు మార్చుకునే గదిలో ఉడుతను బల్ల మీద పడుకోబెట్టి, డాక్టరు పక్కన నిలబడగా కుట్లు వేశాను. ఆయన చూసి బాగున్నాయని వెళ్లిపోయాడు. మాస్టారు బయట ఒప్పందం వాళ్లతో మాట్లాడుతున్నారు, నవ్వులు లోపలికి వినిపిస్తున్నాయి. చివరి కుట్టు ఒకటి మిగిలింది.

"ఆ అమ్మాయి ఎలా ఉంది వదినా?"

"నడిచి వెళ్లింది. కదలకు."

"అరిచింది నువ్వేగా?"

"మాస్టారు."

"మాస్టారికి ఆడగొంతు ఎప్పుడొచ్చింది?"

నేను చివరి కుట్టుకు సూది అందుకున్నాను.

"నా కాలు అప్పటికే లేచింది వదినా. ఆ అమ్మాయికి ఏమీ కనబడ్డం లేదని నాకు తెలుస్తూనే ఉంది. మాస్టారు చెబితే ఆట కోసం చెబుతున్నారనుకునేదాన్ని. నువ్వన్నావు కదా, అయితే తప్పు కాదనుకున్నా."

సూది పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయింది. తప్పని చెప్పలేను, అది గెలిచింది. ఆ క్షణం మళ్లీ వస్తే నేను మళ్లీ అలాగే అరుస్తాను, నా సంగతి నాకు తెలుసు. తప్పు కాదని కూడా చెప్పలేను, ఆ కళ్లు నేను చూశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఇన్నాళ్లూ దాన్ని దెప్పినదాన్ని. నా బొటనవేలు మీద దాని నెత్తురు ఎండిపోయి ఉంది, నా గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేలోగా అదే నా చెయ్యి నిమిరింది. నేను బాధపడుతున్నానని దానికి తెలిసిపోయింది. చిన్నప్పటి నుంచీ అంతే, నా ముఖం దానికి అద్దం.

"వచ్చేసారి నువ్వు అరవక్కర్లేదులే వదినా," అంది, ఎంతో ప్రేమగా.