మరకల మీద పిట్టలు

పదింటికి గేటు తీసేలోగా రెండు వందల నలభై కుండీలు నేలలో పాతాలి. తోటమాలి నూట తొంభైలో ఉన్నాడు. కుండీని అంచుదాకా దించి పైన మట్టి కప్పేస్తే పూలమొక్క అక్కడే పుట్టి పెరిగినట్టుంటుంది. పాత ఇళ్ల పండగకి టిక్కెట్టు కొనేవాళ్లు వందేళ్ల తోట చూడాలని వస్తారు, నిన్న సాయంత్రం లారీలోంచి దిగిన తోట కోసం కాదు. మొదటి రెండు రోజుల జనం తొక్కి పాడుచేసిన మొక్కల బదులు వచ్చినవివి.

సన్నగా వాన పడుతోంది. మేనేజరు గొడుగు కింద నిలబడి అందరికీ వినబడేలా హెచ్చరించాడు. తలుపులకీ కిటికీలకీ కొత్త రంగు వేశారు, మట్టి చేతులతో ఎవరు ముట్టుకున్నా ఆ రోజు కూలి ఉండదు. ముఖ్యంగా నువ్వు, అని తోటమాలి వైపు గొడుగు వంచాడు.

"నాకు చేతులెక్కడున్నాయండీ, ఉన్నదంతా మట్టేగా," అన్నాడు తోటమాలి.

కూలీలు తలలు దించుకుని నవ్వారు. మేనేజరు మాత్రం నవ్వలేదు.

తోటమాలి కన్ను మాటిమాటికీ పాత బండ్ల షెడ్డు మీదికి పోతోంది. అందులో అతని భార్య పదకొండు రోజుల పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని, చుక్క పడిన చోటల్లా వదిలి పక్కకి జరుగుతోంది. పొద్దుటి నుంచి ఆరుసార్లు జరిగింది. వాడు ఆవలిస్తే ముఖంలో నోరు తప్ప ఇంకేమీ మిగలదు. అది చూసినప్పుడల్లా ఆమెకి నవ్వొస్తుంది. కానీ వాడు ఊపిరి తీస్తుంటే గుండెలో పిల్లి గురక వినిపిస్తోంది. నిన్న ఆసుపత్రిలో నర్సు చెవికి గొట్టం పెట్టుకుని చాలాసేపు విని, బిడ్డకి చెమ్మ తగలనివ్వొద్దనీ, పొడిగా ఉన్న గదిలో పడుకోబెట్టమనీ చెప్పింది. గది ఉందా అని మాత్రం అడగలేదు.

గది ఉంది. వంటింటి వెనక, ఇరవై ఆరేళ్లుగా వాళ్లున్న గది. ఇప్పుడు దాని గుమ్మానికి అడ్డంగా ఎర్ర తాడు కట్టి ఉంది.

తోటమాలి తల్లి ఆ ఇంటి వంటామె. ఆమె కాపురానికొచ్చిన ఏడే ఆ గది కప్పు కురవడం మొదలైంది. చెప్పినప్పుడల్లా ఇంటివాళ్లు చూద్దాం అన్నారు. బకెట్టు సున్నం కూడా ఇచ్చిన పాపాన పోలేదు. వాన వెలిశాక గోడ మీద మిగిలిన మరక చూస్తూ అన్నం తినబుద్ధి కాక, ఆమె ఒకరోజు పొయ్యిలోంచి బొగ్గు తీసి మరక అంచు చుట్టూ గీత గీసింది. మెడ పొడుగ్గా ఉంది కాబట్టి అది కొంగ అయింది. ఇటుక పొడి, ఆకు పసరు పూస్తే కొంగకి ముక్కూ రెక్కా వచ్చాయి. ఏటేటా కొత్త మరక, కొత్త పిట్ట. "మనిల్లు కురిసినా నీకు లాభమేనే," అనేవాడు భర్త, బతికున్న రోజుల్లో.

కోడలు కిందటేడు వచ్చింది. పెళ్లయిన మూడోనాడే వాన. కొత్త జంట పడుకున్న మంచం తలాపున గోడ తడిసి పొడుగాటి మరక పడింది. తెల్లారాక అత్త బొగ్గుముక్క కోడలి చేతిలో పెట్టి, ఇది నీ వంతు అంది. కోడలు చేపని గీసింది. కాసేపు ఆలోచించి, మొగుడి వైపు ఓరగా చూసి, చేపకి మీసాలు పెట్టింది. తోటమాలి వారం రోజులు అలిగాడు. అలిగినన్నాళ్లూ రోజుకోసారి అద్దంలో మీసం చూసుకున్నాడు.

రెండు నెలల కిందట పండగ కమిటీ తరఫున ఒక పెద్దమనిషి ఇళ్లు చూడ్డానికొచ్చి, ఆ గదిలో అడుగుపెట్టి కళ్లద్దాలు తీసేశాడు. ఇవి ఎవరో అజ్ఞాత చిత్రకారుడివి, వందేళ్ల పైమాటే అన్నాడు. వంటామె నోరు తెరవబోతే మేనేజరు కళ్లతోనే ఆపాడు. తర్వాత పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు. కమిటీవాళ్లు పాతవని రాసుకుంటే కప్పు బాగు చేయిస్తారు. పండగ ముందు సర్దుకోవడానికి వారం, పండగ మూడు రోజులు, ఆ తర్వాత గది నీదే.

కప్పు బాగవుతుందంటే నోరు కట్టేసుకోవడం ఎంత పని అనుకుంది వంటామె. ఇరవై ఆరేళ్లు అడిగినా కాని పని, గోడ కోసం ఒక్క రోజులో అయింది.

ఈరోజు పండగ ఆఖరి రోజు. సాయంత్రం చూడ్డానికొచ్చిన ఆఖరి జట్టు కోసం రొట్టెలూ గుమ్మడికాయ కూరా ఆకుల్లో సర్దుతుంటే మేనేజరు వంటింట్లోకొచ్చాడు. యజమాని పట్నం నుంచి ఫోన్ చేశారట. జనం ఆ గదినే ఎక్కువ మెచ్చుకుంటున్నారు కాబట్టి ఏడాది పొడుగునా తెరిచే ఉంచుతారట. మీరు షెడ్డులో సర్దుకోండి, దానికీ కప్పుంది కదా అన్నాడు.

వంటామె చేతిలో గరిటె ఆగింది. "ఆ బొమ్మలు నావి బాబూ," అంది.

"నీవైతే అది వట్టి మరకల గోడ. రేపే కొట్టించి కార్లు పెట్టుకుంటాం. ఎటు చూసినా నీకు గది లేదు." మేనేజరు రొట్టెముక్క తుంచి నోట్లో వేసుకుని, ఉప్పు తగ్గిందని చెప్పి వెళ్లిపోయాడు.

వంటామె గరిటె వదిలి ఆకుల పళ్లెం ఎత్తుకుంది. తర్వాత షెడ్డుకి వెళ్లి కోడలికి ఉన్నమాట చెప్పింది. పసివాడు దగ్గబోయాడు. దగ్గు రాలేదు, పెదాల చుట్టూ నీలి నీడ మాత్రం వచ్చి పోయింది. కోడలు లేచి, వాణ్ణి పైటలో చుట్టుకుని, వానలో గబగబా నడిచింది.

గదిలో ఆఖరి జట్టు ఉంది. వివరాలు చెప్పే అమ్మాయి కర్రతో గోడని చూపిస్తూ, మీసాల చేప ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టని సంకేతమని చెబుతోంది. కోడలు ఎర్రతాడు కిందనుంచి దూరి, తన మంచం మీదే పరిచిన అరువు దుప్పటి తీసేసి, తన పాత చీర పరిచి బిడ్డని పడుకోబెట్టింది. అదీ ప్రదర్శనలో భాగమనుకున్నారు జనం. ఇద్దరు ఫోటోలు తీశారు.

ఒకావిడ చేప గురించి మళ్లీ అడిగింది.

"మా ఆయనండీ," అంది కోడలు.

అందరూ నవ్వారు. వెనకే వచ్చిన వంటామె చేతిలో ఆకుల పళ్లెం కిందపెట్టి, ఒక్కొక్క బొమ్మనీ వేలితో చూపించింది. ఈ కొంగ నేను కాపురానికొచ్చిన ఏడు కురిసింది. ఈ కోడీ పిల్లలూ మావాడు పుట్టిన ఏటి వాన. ఈ తీగ కింద మా ఆయన మంచం ఉండేది, ఆ వానాకాలమంతా దగ్గి దగ్గి పోయాడు. తీగ ఇంకా గీసేదాన్ని, చెయ్యి రాలేదు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ఫోటో తీసినావిడ ఫోన్ దించి, ఏం చెయ్యాలో తెలియనట్టు సంచిలో పెట్టుకుంది. వివరాలు చెప్పే అమ్మాయి కర్ర కిందికి వాల్చింది. మేనేజరు పరుగున వచ్చి, టైమైంది, గేటు వేస్తున్నాం అంటూ అందర్నీ బయటికి నడిపించాడు. అంతా వెళ్లాక వెనక్కి తిరిగితే తలుపు మూసి ఉంది.

లోపల గడియ లేదు. ప్రదర్శన కోసం దాన్ని ఊడదీయించింది మేనేజరే. అత్తాకోడళ్లిద్దరూ తలుపుకి వీపులానించి, కాళ్లు బారజాపి కూర్చున్నారు. మంచం మీద పసివాడు ఊపిరి తీస్తూనే ఉన్నాడు, గరగర ఇంకా తగ్గలేదు. కొత్త కప్పు మీద వాన చప్పుడు వినిపిస్తోంది కానీ చుక్క కూడా లోపలికి రావడం లేదు.

తోటమాలి బయట నిలబడ్డాడు. వానకి పైమట్టి కొట్టుకుపోయి, తోటంతా కుండీల అంచులు పైకి తేలుతున్నాయి.

"మీ అమ్మకి పిచ్చెక్కింది. తలుపు తొయ్యి," అన్నాడు మేనేజరు.

తోటమాలి కదల్లేదు.

"నీకే చెప్పేది. ఉద్యోగం ఉండాలా వద్దా?"

లోపల పసివాడు ఒకసారి దగ్గాడు, ఈసారి దగ్గు పూర్తిగా వచ్చింది. తోటమాలి అది విన్నాడు. రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు విప్పి మేనేజరుకి చూపించాడు.

"కొత్త రంగు కదండీ," అన్నాడు. "మట్టిచేతులు."

మేనేజరు తన చేతుల వైపు చూసుకున్నాడు. శుభ్రంగానే ఉన్నాయి.