కాలని గింజ

పగలూ రాత్రీ సరిసమానమయ్యే రోజు పొద్దున్నే కెరెన్సా రొట్టెకి పిండి పిసికింది. పక్కన చిన్న గిన్నెలో ఒక హేజెల్ గింజ ఉంది, పెంకు తియ్యనిది. దాన్ని పిండి నడుమ పెట్టి కాల్చడం ఆనవాయితీ. ఈసారి పెట్టకూడదని ఆమె రాత్రే గట్టిగా అనుకుంది. అనుకున్నంత తేలికగా చెయ్యి ఆడలేదు. చివరికి గింజను కిటికీలోంచి కోళ్ళ దొడ్లోకి విసిరేసి, ఎవరైనా చూశారేమోనని తన వంటింట్లో తనే దొంగలా చుట్టూ చూసుకుంది.

ఇంగ్లండు కొసన కార్న్‌వాల్‌లో ఆ మూల మంత్రగత్తెలంటే ఎవరూ ఉలిక్కిపడరు. కెరెన్సా పశువుల డాక్టరు దగ్గర ఫోన్లెత్తే పని చేస్తుంది. పెట్రాక్ బడి బస్సు నడుపుతాడు. మగవాడైనా అతనూ మంత్రగత్తెల జట్టులో మనిషే, ఆ పేరంటే అతనికి చిన్నతనమేమీ లేదు. పచ్చబొట్ల దుకాణంలో పనిచేసే టెగెన్ ఈ వసంతంలోనే చేరింది. వీళ్ళందరికీ పెద్ద హెస్టర్. ఎనభై దాటిందావిడకి. నడుం వంగింది గానీ మాట వంగలేదు.

వీళ్ళ చలికాలం ఆ రొట్టెతో మొదలవుతుంది. పొలంలో చివరి కోతకొచ్చిన గోధుమ కంకులతో ఒక బొమ్మ అల్లుతారు. గింజ ఎవరి ముక్కలో వస్తే బొమ్మ వాళ్ళింటికి వెళుతుంది. ఇక వసంతం దాకా ఆ ఇంటి పొయ్యి ఆరకూడదు, ఆ మనిషి ఒక్క రాత్రి కూడా మరోచోట పడుకోకూడదు. మరుసటి ఏడు రొట్టె కాల్చే పనీ వాళ్ళదే. గింజ వీళ్ళు కొలిచే దేవత ఇచ్చేది కాబట్టి కాదనడానికి వీల్లేదు. పెట్రాక్ భార్య మెరిన్ బొమ్మ తనింట్లో ఉన్న ఏడాది ఒకసారి చెల్లెలింట్లో పడుకుంది. పొయ్యి ఆరింది. వసంతానికల్లా మెరిన్ చనిపోయింది. డాక్టరేమో సిగరెట్లన్నాడు, జట్టేమో పొయ్యి అంది. కెరెన్సా డాక్టరు మాట నమ్మింది గానీ పొయ్యి మాత్రం ఏనాడూ ఆరనివ్వలేదు.

వరసగా ఏడేళ్ళు గింజ కెరెన్సాకే వచ్చింది. "దేవత ముద్దుబిడ్డవే నువ్వు!" అని అందరూ బుగ్గలు గిల్లేవాళ్ళు. మొదటి రెండేళ్ళు ఆమె కూడా మురిసిపోయింది. ఆ తర్వాత జోరీ వచ్చాడు. ఎక్కడో ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో పడవలు బాగుచేసే మనిషి. ఎండాకాలంలో దిగివచ్చి ఆమె ఇంట్లో ఉండేవాడు. ఆకులు రాలే వేళకి తిరిగి వెళ్ళిపోతూ, "చలికాలం నా దగ్గరికి రారాదూ?" అని అడిగేవాడు. "గింజ నాకు రాకపోతే వస్తా" అనేది ఆమె. గింజ ఆమెకే వచ్చేది. ఈ ఏడు బస్సెక్కుతూ జోరీ నవ్వలేదు.

"కెరీ, యాభై దాటాం ఇద్దరం. చీకటి నెలలన్నీ ఒక్కణ్ణే గోడల్ని చూస్తూ గడపలేను. ఈసారి రాకపోతే మళ్ళీ అడగను. కోపంతో కాదు, ఓపిక లేక" అన్నాడు.

అందుకే గింజ కోళ్ళ పాలైంది. రొట్టెలో గింజే లేకపోతే ఎవరికీ రాదు. ఎవరికీ రాకపోతే బొమ్మ పెద్దావిడ దగ్గరే ఉండిపోతుంది. అక్కడిదాకా ఆలోచించి, ఆపైన ఆలోచించకుండా పొయ్యి తలుపు మూసింది కెరెన్సా.

పొద్దువాలే వేళకి హెస్టర్ ఇంటి వెనక పొలంలో నలుగురూ చేరారు. గుమ్మాలకు కట్టడానికి టెగెన్ ఎర్రదారంతో రోవన్ అనే అడవి చెట్టు పళ్ళ దండలు గుచ్చి తెచ్చింది. పెట్రాక్ కట్టెలు మోసుకొచ్చాడు. కెరెన్సా బ్లాక్‌బెర్రీ జామ్ సీసాలూ రొట్టే తెచ్చింది. రాతిబల్ల మీద ఆపిల్ పళ్ళూ, హేజెల్ గింజల కుప్పా, మధ్యలో కంకుల బొమ్మా ఉన్నాయి. హెస్టర్ నల్లపిడి కత్తితో గాలిలో వలయం గీసింది. ఒకసారి గీశాక మళ్ళీ ఆ కత్తితోనే గాలిలో తలుపులా కోసేదాకా ఎవరూ బయట కాలు పెట్టకూడదు. రోజూ దాటే గడ్డే అది. అయినా కెరెన్సాకి చుట్టూ కటకటాలు దించినట్టనిపించింది.

హెస్టర్ పళ్ళమీదా గింజలమీదా ఆపిల్ సారా ధారగా పోసింది. ఏడాదిలో అందిన మంచికి ఒక్కొక్కరూ దండం పెట్టుకున్నారు.

"నా బస్సు బ్రేకులు ఇంకో ఏడాది పనిచేస్తాయని మెకానిక్ అన్నాడు, తల్లీ, నీ దయ" అన్నాడు పెట్రాక్.

"అది దేవత దయ కాదు మావా, పిల్లల తల్లుల దండాల ఫలం" అంది టెగెన్.

హెస్టర్ రొట్టె కోసింది. ఎందుకో ఈసారి నిదానంగా, కత్తిని అటూ ఇటూ ఆడిస్తూ కోసింది. ఒకసారి బల్లవైపు తిరిగి దగ్గింది. తర్వాత తన చేత్తోనే తలా ఒక ముక్క పంచింది. కెరెన్సా నిశ్చింతగా కొరికింది. పంటికింద టక్కుమంది.

వెయ్యని గింజ వచ్చింది! తను దాచిన సంగతి దేవతకి తెలిసిపోయింది. కోళ్ళ దొడ్లో పారేసినా వెతుక్కుంటూ వచ్చి నోట్లో కూర్చుంది. ఇక జోరీ లేడు, ప్రాణం ఉన్నన్నాళ్ళూ ఈ పొయ్యే గతి. ఏడుపొచ్చింది. అప్పుడు నాలుకకి పుల్లగా తగిలింది.

సారా. గింజ పెంకు తడిగా ఉంది, చల్లగా ఉంది. పొయ్యిలో రొట్టెతోపాటు కాలిన గింజ ఎండి, మాడు వాసన వేస్తుంది. ఏడేళ్ళుగా ఎరిగిన రుచి అది. ఇది కాలని గింజ. బల్ల మీది కుప్పలోది. కెరెన్సా చప్పుడు చెయ్యకుండా దాన్ని దవడలోకి నెట్టి తలెత్తి హెస్టర్ వంక చూసింది.

"ఎవరికొచ్చిందర్రా?" అంది హెస్టర్.

"నాకు రాలేదు" అంది టెగెన్. పెట్రాక్ ఖాళీ చేతులు చూపించాడు. కెరెన్సా అడ్డంగా తలాడించింది.

"సరిగ్గా చూసుకో పిల్లా."

కెరెన్సా మళ్ళీ తలాడించింది. మిగిలిన రొట్టెని పెట్రాక్ పొడిపొడిగా నలిపి చూశాడు. ఏమీ లేదు.

"కెరెన్సాకే వచ్చుంటుంది. దాని ముక్కలోనే ఉండాలి!" అంది హెస్టర్.

"మీకెలా తెలుసు పెద్దమ్మా?" అంది టెగెన్. ఆ పిల్ల నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

కెరెన్సా గింజను అరచేతిలోకి ఉమ్మి వాళ్ళ ముందు పెట్టింది.

"ఇది పొయ్యి చూసిన గింజ కాదు. బల్ల మీదిది. సారా కంపు కొడుతోంది, కావాలంటే వాసన చూసుకోండి."

"మరి నువ్వు రొట్టెలో పెట్టిందేమైంది?" అన్నాడు పెట్రాక్.

"నేను పెట్టలేదు."

పెట్రాక్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "దొందూ దొందే! పోయిన మెరిన్‌ని తలుచుకుని నేను ఏడాదేడాదీ భయంతో చస్తున్నానే, ఇక్కడ మీరు గింజలతో దొంగాటలాడుతున్నారా? అక్కా, ఇదొక్కసారేనా?"

హెస్టర్ గడ్డిలో కూలబడింది. "ప్రతి ఏడూ. కత్తికి గింజ తగిలితే చేతికి తెలిసిపోతుంది. ఆ ముక్క దానికిచ్చేదాన్ని. ఇవాళ ఎంత కోసినా తగల్లేదు, అందుకే బల్లమీదిదొకటి తీసి దాని ముక్కలో దూర్చాను." తన ఇంటివైపు చెయ్యి చూపి, "నా పడకగది కిటికీలోంచి కనబడేది దాని పొగగొట్టమొక్కటే. చలికాలం తెల్లారగట్ల మెలకువొచ్చి చచ్చానో బతికానో తెలియనప్పుడు ఆ పొగ చూస్తాను. అంతే. అడిగితే కాదంటావని భయమేసిందే పిల్లా" అంది.

కెరెన్సాకి ఒళ్ళు మండిపోయింది. "నీ కిటికీ కోసం నా ఏడు చలికాలాలు తినేశావా? దేవత పేరు చెప్పి? నేను ఆ మనిషికి ప్రతి ఏడూ ఏం చెప్పానో తెలుసా?"

"తెలుసు. పాపమే. తిట్టు."

తిట్టింది. నోటికొచ్చినంతా తిట్టింది. హెస్టర్ బల్ల పట్టుకుని లేచి, కత్తితో గాలిలో తలుపు కోసి, పక్కకి తొలగింది.

"వెళ్ళు. రేపే వెళ్ళు. నీమీద ఏ కట్టూ లేదు. బొమ్మ నేనుంచుకుంటాను."

తలుపు తెరిచి ఉంది. పెట్రాక్ దారిచ్చాడు. కెరెన్సా వలయం అంచుదాకా నడిచింది. అక్కడ ఆగిపోయింది.

ఇందాక దేవతే ఇచ్చిందనుకున్నప్పుడు ఏడుపొచ్చింది, నిజమే. కానీ అంతకుముందు ప్రతి ఏడూ గింజ పంటికి తగలగానే మనసులో ఒక మూల హమ్మయ్య అనుకున్న సంగతి ఆమెకిప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. తెలియని ఊరు, కొత్త మంచం, ఒక మనిషితో పూర్తిగా ఒక చలికాలం. ఆ భయాలన్నీ తీసుకెళ్ళి దేవత నెత్తిన పెట్టి తను చల్లగా ఇంట్లో కూర్చుంది. గింజ వెయ్యకపోవడానికి ధైర్యం చేసింది గానీ, గింజ రాకపోతే ఏం చెయ్యాలో నిజంగా ఒక్కసారి కూడా అనుకోలేదు. పెట్టె సర్దుకోలేదు. కోళ్ళనెవరు చూస్తారో ఎవర్నీ అడగలేదు. హెస్టర్ తలుపు మూసిందే గానీ ఆ తలుపు తను ఏనాడూ తోసి చూడలేదు.

"తలుపు తెరిచి ఎంతసేపుంచుతాం అమ్మాయ్, వెళ్తావా ఉంటావా?" అన్నాడు పెట్రాక్. ఈసారి మెత్తగానే అడిగాడు.

ఆమె వెనక్కి నడిచి బల్ల మీది బొమ్మని చేతిలోకి తీసుకుంది.

"ఎవరు తీసుకోమన్నారే?" అంది హెస్టర్ కంగారుగా. "నాకోసమైతే వద్దు."

"నీకోసం కాదు" అంది కెరెన్సా. అది నిజం కావడమే ఆమెకి అన్నిటికంటే కష్టంగా ఉంది.

టెగెన్ దగ్గరికొచ్చి, "మరి ఆయనకేం చెప్తావక్కా?" అని అడిగింది.

"అదే తెలియడం లేదే. ఇన్నాళ్ళూ దేవత వద్దందని చెప్పాను" అంది కెరెన్సా. "ఇప్పుడు నేను రానన్నానని చెప్పాలి."