కొట్టేసిన పేరు

జననాల నమోదు ఆఫీసులో రెండో కౌంటరు దగ్గర కూర్చునే గుమాస్తాను అందరూ చిన్నప్పటి నుంచీ కిటికీ అనే పిలిచారు. అసలు పేరు లేక కాదు, ఆ పేరు మరీ ఎక్కువైపోయి. ఆమె పుట్టిన రోజుల్లో ఆడపిల్ల పుట్టిందంటే చాలు, ఇంటికొకరు కళ్లు మూసుకుని ఆ పేరే పెట్టేవారు. బళ్లో ఒక్క తరగతిలోనే ఐదుగురు. హాజరు పిలిస్తే ఐదు గొంతులు ఒక్కసారి లేచేవి. విసిగిపోయిన పంతులమ్మ వాళ్లను పొడుగు, పొట్టి, జడ, కళ్లజోడు, కిటికీ అని విడగొట్టింది. కిటికీ పక్కన కూర్చున్న పాపానికి ఈమెకు అది అతుక్కుపోయింది. పెళ్లయ్యాక మొగుడూ దాన్నే వాడుకున్నాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పేరు వారానికి పదిసార్లయినా రిజిస్టరులో రాసేది. రాసినప్పుడల్లా ఒళ్లు మండేది. తర్వాత వారానికొకటైంది, తర్వాత నెలకొకటి. జుట్టు రాలినట్టు, చూసుకునేసరికి పల్చబడిపోయింది. నోరు తిరగని కొత్త పేర్లు వరస కట్టాయి. ఎవరైనా ఈ పేరు పిలిస్తే, ముసలమ్మ ఎవరో లేచి వస్తుందని జనం చూడసాగారు. మందలో ఉన్నన్నాళ్లూ ఏవగించుకున్న పేరు మీద ఆమెకు అప్పుడు పుట్టుకొచ్చింది మమకారం.

తమ్ముడికి కూతురు పుట్టినప్పుడు నోరు తెరిచి అడిగింది.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. ఆ పేరుతో దాన్ని బళ్లో బతకనిస్తారా?" అన్నాడు తమ్ముడు.

"నేను బతకలేదట్రా?"

"నిన్నెవరు పిలిచారే ఆ పేరుతో?"

వంటింట్లో మరదలు నవ్వు ఆపుకుంటున్న చప్పుడు ఆమెకు వినిపించింది.

ఆ నెలలోనే ఒక బస్సు డ్రైవరు వారం పిల్ల తాలూకు కాగితాలు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చాడు. పేరు రాయాల్సిన చోట ఖాళీ.

"ఏమీ తోచలేదండీ. రోజూ ఇన్ని పేర్లు రాస్తారు కదా, మీరే ఒక మంచి పేరు చెప్పండి మేడం."

ఆమె చెప్పింది. ఆయన రెండుసార్లు పెదాలతో పలికి చూసుకుని, బాగుందన్నాడు. తన చేతి రాతతో అందంగా, కుదురుగా రాసిందామె. ఆ రిజిస్టర్లలో ఆ పేరు పడడం అదే ఆఖరు.

పద్దెనిమిదేళ్లు గడిచాయి. పదవీ విరమణకు ఇంకో నాలుగు నెలలుందనగా, ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి పేరు మార్పు దరఖాస్తు తెచ్చి ఆమె ముందు పెట్టింది. తండ్రి పేరు, పుట్టిన తేదీ చూడగానే గుమాస్తాకు విషయం అర్థమైంది.

"ఎందుకమ్మా మార్చుకోవడం? నిక్షేపం లాంటి పేరు."

"కాలేజీలో నన్ను అమ్మమ్మ అంటారండీ. లెక్చరర్ హాజరు పిలిచినా నవ్వే. ఉద్యోగానికి ఫోన్లో మాట్లాడితే, వయసు దాటిపోయిందేమో అన్నారొకరు."

"ఈ కొత్త పేరు ఈ వారంలోనే ఆరుగురికి రాశాను తెలుసా?"

"మంచిదే కదండీ. ఎవరూ తిరిగి చూడరు."

గుమాస్తా రసీదు రాసి, అడుగున సంతకం చేసి ఇచ్చింది. అమ్మాయి దాన్ని చదివి తలెత్తింది.

"మీదీ ఇదే పేరా? ఏమనుకోకండి ఆంటీ. అసలు ఇది మా నాన్న పెట్టింది కాదు. ఇక్కడ ఎవరో గుమాస్తా చెబితే రాయించేశాడట."

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఆమెకు చేతకాలేదు.

"ఆ గుమాస్తాను నేనే."

అమ్మాయి రసీదు మీది సంతకం మళ్లీ చూసింది. తర్వాత అడిగింది, "మీ ఇంట్లో ఎవరికైనా పెట్టుకోకపోయారా?"

"అడిగాను. మా తమ్ముడు ఒప్పుకోలేదు. పిల్లను ఏడిపిస్తారని."

"అంటే మీకు తెలుసు."

గుమాస్తా కలం మూత తీసింది, పెట్టింది. వెనక వరసలో ఎవరో దగ్గారు.

"నా తర్వాత ఇంకొకరైనా ఉంటారనుకున్నానమ్మా."

"మీవాళ్లు వద్దన్నది నాకు అంటగట్టారు," అంది అమ్మాయి. కోపంగా కూడా అనలేదు. రసీదు మడిచి సంచిలో పెట్టుకుని, కొత్త పత్రం ఎన్నింటికిస్తారో అడిగి, గోడ పక్క బెంచీ మీద కూర్చుంది.

పాత రిజిస్టరు తెప్పించారు. పాత పేరు మీద ఎర్ర సిరాతో ఒకే గీత గీయాలి, కింది అక్షరాలు కనబడుతూనే ఉండాలి. రూలు అది. పక్క కౌంటరు గుమాస్తా, "నేను గీయనా, అక్కా?" అన్నాడు.

"నా రాత. నేనే గీస్తాను," అని ఆమె స్కేలు తీసుకుంది. గీత తిన్నగా వచ్చింది.

తర్వాతి నంబరు పిలిచింది.