రెండు సెంటీమీటర్ల జారుడు

పది రోజులుగా ఒకటే ముసురు. మామూలు ఉపగ్రహాలు పంపిన చిత్రాల్లో మబ్బులు తప్ప ఏమీ లేవు. రాడార్ ఉపగ్రహానికి ఆ బెడద లేదు. మబ్బుల్లోంచి తరంగాలు పంపి, నేలకు తగిలి తిరిగొచ్చినవాటితో బొమ్మ కడుతుంది. ఆ బొమ్మలు చదవడమే కోడలి ఉద్యోగం. పన్నెండు రోజుల తేడాతో తీసిన రెండింటిని పోల్చి చూస్తే, ఊరి చివరి కొండవాలు రెండు సెంటీమీటర్లు కిందికి జరిగినట్టు తేలింది. దాని కింద ముప్పై ఇళ్లున్నాయి.

పై అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“తడి నేల ఒక్కోసారి జరక్కపోయినా జరిగినట్టు కనబడి మోసం చేస్తుందమ్మా. ఈమాత్రానికే ముప్పై కుటుంబాలను రోడ్డున పడేస్తామా? వెళ్లి చూసి రా, మాట్లాడదాం.”

ఇంటికొచ్చి చెబితే అత్తగారు చెప్పులేసుకుంది. ఆవిడ నర్సుగా చేసి రిటైరైంది. ఆ కొండ కింది వీధిలో ఆవిడ సూది పడని చెయ్యి లేదు.

“నువ్వు ఆఫీసరమ్మవి. నిన్ను చూస్తే నోళ్లు మూతపడతాయి. నేనడుగుతాగా, ఏమడగాలో చెప్పు.”

“నేల జరిగితే గుమ్మాలు వంకరపోతాయి. తలుపులు సరిగ్గా పడుతున్నాయా అని అడగండత్తయ్యా.”

మొదటి ఇంటి ఇల్లాలు నిట్టూర్చింది. “వానకి చెక్క ఉబ్బిందనుకుని రెండుసార్లు చిత్రిక పట్టించాను. అయినా గడియ పడి చావట్లేదు నర్సమ్మా!”

సాయంత్రానికి పదకొండు ఇళ్లలో అదే పాట. కోడలు ఆ ఇళ్లను బొమ్మ మీద గుర్తు పెట్టింది. నేల జరిగినట్టు అందులో కనబడిన మేర దాటి ఒక్కటీ లేదు. 

మర్నాడు ఆ గుర్తులు చూడగానే అధికారి మునిసిపల్ ఇంజనీర్లకు ఫోన్ చేశాడు. వాళ్లు వాలెక్కి చూస్తే, గడ్డి చాటున చెయ్యి పట్టేంత బీట. ఆ పూటే అందరినీ బడికి తరలించారు. మూడోరోజు మధ్యాహ్నం వాలు విరిగిపడింది. ఆరు వంటిళ్లు మట్టి కిందికి పోయాయి. మనుషులెవరికీ గీత కూడా పడలేదు.

బడికి వెళ్లిన కోడలి మీద ఆ మొదటి ఇంటి ఇల్లాలు విరుచుకుపడింది. “పైనుంచి అంతా చూస్తారుగా, నా వంటిల్లు పోయేదాకా ఏం చేస్తున్నారు?”

అత్తగారు ఏదో అనబోతే కోడలు చెయ్యి పట్టి ఆపింది. మాటలన్నీ అయ్యాక ఆ ఇల్లాలే చాప లాగింది.

“కూర్చో. మిగిలిన గదులైనా నిలుస్తాయా?”

“తెలీదక్కా. కొత్త బొమ్మ రాగానే నేనే వచ్చి చెబుతాను.”

పది రోజులకు వచ్చి చెప్పింది. వాలు ఇంకా కదులుతూనే ఉంది. ఇంకొన్నాళ్లు ఈ బడిలోనే ఉండాలి.

 ఇల్లాలు “మళ్లీ బొమ్మెప్పుడు?” అనడిగి, గోడమీది క్యాలెండర్లో కోడలు చెప్పిన తేదీ చుట్టూ సున్నా చుట్టింది.